నాగులమ్మ కొంగుముక్క

మా అమ్మ వీరరాఘవమ్మకు గురజాలలో ఒక పని ఉండేది. దానికి పేరు లేదు. "మీ అమ్మ ఏం చేస్తది?" అని ఎవరైనా అడిగితే "కాజాలు కుడతది, గుండీలు వేస్తది" అని చెప్పమని మా నాయనమ్మ నాకు నేర్పింది. అది అబద్ధం కాదు. మేం మేరవాళ్లం. మా నాన్న పున్నారావు అరుగు మీద కూర్చుని కుట్టుమిషను తొక్కితే, గడప లోపల కూర్చుని అమ్మ చేతిపని చూసేది. కానీ ఊళ్లో ఆడవాళ్లు ఎరిగిన అమ్మ పని వేరు. పురిట్లోనే పోయిన బిడ్డలకు ఆమె గుడ్డ కుట్టేది.

మూరెడు చదరం గుడ్డ. ఒక మూల మడిచి తలకు కుళ్లాయిలా వచ్చేటట్టు కుట్టేది. నడుం దగ్గర చుట్టి కట్టడానికి సన్నటి నాడా పెట్టేది. చుట్టూ అంచు మడిచి, ఆవగింజంత కుట్లు వేసేది. మట్టిలోకి పోయే గుడ్డకు ఇంత సన్నపు కుట్టు దేనికని నాన్న మొదట్లో అడిగాడట. అమ్మ ఇంకో కుట్టు వేసిందట. ఆయన మళ్లీ అడగలేదు.

ఈ కథలో నేనెప్పుడు వస్తానో ముందే చెప్పేస్తాను, మీరు వెతుక్కోకుండా. చివర్లో వస్తాను, మూడు రోజుల వయసుతో. కాబట్టి ఇందులో నేను చూసిందంటూ ఏమీ లేదు. సగం మా నాయనమ్మ వెంకమ్మ చెప్పింది, సగం మంత్రసాని గ్రేసమ్మ చెప్పింది. అమ్మ నోటి నుంచి మాత్రం ఈ సంగతుల మీద నాకు దక్కింది ఒక్కటే ముక్క: "మెడ లాగేస్తందే, కాస్త నూనె రాయి."

అమ్మకు పదహారో ఏట మొదటి కాన్పు. మా వైపు పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ సిద్ధం చేయరు. ఉయ్యాల తాడు కూడా దూలానికి వేయరు. ఈ సంగతి అమ్మకు తెలియక కాదు. రైతు ఇంటి కోడలికైతే అలాంటి ఆశ పుట్టినా ఆ పూటకు గుడ్డ దొరకదు, మరునాటికి ఆశ చల్లారుతుంది. మేర ఇంటి కోడలికి ఎటు చెయ్యి చాపినా ముక్కలే. ఏడో నెలలో ఒక పువ్వుల చీటిగుడ్డ ముక్కతో చిన్న కుళ్లాయి కుట్టి, తలగడ కింద దాచుకుంది. బిడ్డ ఊపిరి లేకుండా పుట్టింది. పక్క సర్దుతుంటే కుళ్లాయి బయటపడింది.

"పుట్టకముందే కుట్టావు గదే," అంది నాయనమ్మ. ఆ మాట పదిహేనేళ్లు మా ఇంట్లో తిరిగింది. మా నాయనమ్మ గురించి నేనే ఇలా రాయడం, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టే. కానీ అనింది అనలేదని ఎలా రాయను?

రెండో బిడ్డా అంతే. తల్లి చూస్తే పై బిడ్డ నిలవదంటారు కాబట్టి అమ్మకు ఇద్దర్నీ చూపించలేదు. రెండోదాన్ని గోనెముక్కలో చుట్టి, చేటలో పెట్టి, వాగు అవతలకు తీసుకుపోయారని గోడ అవతలి మాటల వల్ల ఆమెకు తెలిసింది. ఊరు ఊరంతటికీ బట్టలు కుట్టే ఇంట్లో పుట్టిన బిడ్డ గోనెలో పోయింది. ఆ మాట అమ్మ లోపల ముల్లులా ఉండిపోయింది.

మూడోసారి అమ్మ తెగించింది. బిడ్డ ఏడవలేదని తెలియగానే, ఒళ్లో ఉన్నదాన్ని వదలకుండా, "ముక్కల మూట ఇటు పట్రా" అని నాన్నను కేకేసింది. నాయనమ్మ అడ్డం పడింది. "గుడ్డ కుట్టందే బిడ్డనియ్యను. ఎట్టా లాక్కుంటావో లాక్కో అత్తా," అంది అమ్మ. పురిటి మంచం మీదే కూర్చుని గంటలో కుట్టింది. తన చేత్తోనే చుట్టి, నాడా కట్టి, నాన్న చేతుల్లో పెట్టింది. అక్కడే నిలబడి ఉన్న మంత్రసాని గ్రేసమ్మ ఇదంతా చూసింది.

గ్రేసమ్మ క్రైస్తవపేట మనిషి. గురజాల చుట్టుపక్కల ఏ ఇంట కాన్పు అయినా ఆమె చెయ్యి పడాల్సిందే. ఊపిరి లేని బిడ్డ పుట్టిన ఇంట్లో ఆమె అప్పటి నుంచి ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది: "మేర వీరరాఘవమ్మ దగ్గరికి పోండి. మాట్లాడకుండా కుట్టి ఇస్తది." జనం రావడం మొదలైంది. వీధి గుమ్మం వైపు ఎవరూ రారు, దొడ్డి వైపే వస్తారు. ఏం కావాలో చెప్పరు. "గ్రేసమ్మ పంపింది" అంటారు. అంతే. అమ్మ చేతిలో పని పక్కన పడేసి సూది మార్చేది.

బతికిన బిడ్డకు పాత గుడ్డ చుడతాం. పోయిన మనిషికి కొత్త గుడ్డ కప్పుతాం. మరి పుట్టడమూ పోవడమూ ఒక్కసారే అయిన బిడ్డకు ఏ గుడ్డ? ఇది ఏ పంతుల్నీ అడిగినవాళ్లు లేరు. అమ్మే తేల్చుకుంది. లోపలి వైపు మెత్తటి పాత చీర పీలిక, పైన ఎంత చిన్నదైనా సరే ఒక కొత్త ముక్క. నాయనమ్మ పెట్టిన షరతులు రెండే. ఒకటి, ఆ పనికి మిషను ముట్టుకోకూడదు, అది అన్నం పెట్టే తల్లి. రెండు, పోయినవాళ్ల గుడ్డకు దారం చివర ముడి వేయకూడదు. ముడి వేస్తే చావు ఇంటికి ముడిపడుతుందట. అమ్మ ముడి వేయకుండా, మొదటి రెండు కుట్లు వెనక్కి తిప్పి కుట్టి, దారం నిలబెట్టేది.

ఈ పనిలో అసలు కష్టం కుట్టు కాదు, పొద్దు. అలాంటి బిడ్డను పొద్దుగూకే లోపు మట్టిలో పెట్టాలి. వచ్చిన మనిషి దొడ్లో నిలబడి సూర్యుడి వంక చూస్తుంటాడు. అమ్మ తలెత్తేది కాదు. మెడ వంచుకుని, పళ్ల మధ్య దారం పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టు కుట్టేది. పదేళ్లు అలా కుట్టింది. ఎందరికని మాత్రం నన్నడక్కండి. ఆమె లెక్క పెట్టుకోలేదు, పెట్టుకుంటే కుట్టలేకపోయేది.

ఇక ఊరి సంగతి. ఏరు దాటి తెప్ప తగలేయడంలో మా ఊరివాళ్లను మించినవాళ్లు లేరు. గుడ్డ కుట్టించుకుపోయిన ఇంటి ఆడవాళ్లే మరుసటేడు కడుపుతో ఉంటే, అమ్మ ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్లు. సీమంతానికి పిలుపు లేదు, బారసాలకు పిలుపు లేదు. చంటిపిల్లల చొక్కాలు నాన్నకు ఇచ్చేవాళ్లు కూడా, "మీ ఇంటావిడ చెయ్యి పెట్టదు గదా బావా" అని అడిగి మరీ ఇచ్చేవాళ్లట. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మకు మాత్రం మండలేదట. "పోనీలే, వాళ్ల భయం వాళ్లది," అనేదట. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. ఆమెకు ఆ ఓపిక అప్పటికే అయిపోయింది.

యుద్ధం రోజులు వచ్చాయి. గుడ్డకు కంట్రోలు పెట్టారు. కార్డు చూపించి, గంటలు గంటలు నిలబడితే, మనిషికి ఇన్ని గజాలని కొలిచి ఇచ్చేవాళ్లు, అదీ గుడ్డ ఊళ్లోకి వస్తే. కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్లు లేరు. నాన్న చిరిగిన చొక్కాలను తిరగేసి కుట్టడం, ధోవతి మధ్యకు చించి అంచులు కలిపి కుట్టడం, ఇదే పని. ఇదివరకు ముక్కలు దర్జీవే. ఇప్పుడు జనం మిషను పక్కనే కూర్చుని, కత్తిరించిన పీలిక కూడా అడిగి తీసుకుపోయేవాళ్లు. అమ్మ మూట చిక్కిపోయింది. వచ్చినవాళ్లను "ఇంట్లో ఏదుంటే అది తెండి" అని అడగాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో, నలభై అయిదులో, పదేళ్ల తర్వాత అమ్మకు మళ్లీ నెల తప్పింది. ముప్పై దాటిన మనిషి. ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. భయపడ్డారు. నాయనమ్మ ఆ పని సూదిని, నల్లదారాన్ని తీసి చూరులో ఎక్కడో దోపేసింది.

"ఈ తొమ్మిది నెలలూ ఆ పని వద్దు. ఊరి బిడ్డలు ఊరికే పోతారు. నీ కడుపు నువ్వు చూసుకో," అంది.

గ్రేసమ్మ కూడా అదే మాట అంది. అమ్మ ఎదురు చెప్పలేదు. అలసిపోయి ఉందో, ఆశపడిందో, రెండూనో. ఏడు నెలలు ఎవరూ రాలేదు. ఎనిమిదో నెల పడ్డాక, కార్తీకంలో ఒక సాయంత్రం, నాపరాళ్ల క్వారీలో పనిచేసే పెదకోటయ్య దొడ్డి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అతని భార్య నాగులమ్మకు అది తొలి కాన్పు. చేతిలో చిలకపచ్చ గుడ్డ ముక్క ఉంది, ఎర్రటి అంచుతో. నాగులమ్మ పెళ్లిచీర కొంగు. ఆమే చించి ఇచ్చి పంపింది.

"గ్రేసమ్మ పంపలేదక్కా. నాగులే పంపింది," అన్నాడు.

అంటే గ్రేసమ్మ వద్దనే చెప్పి ఉంటుంది. నాయనమ్మ గబగబా ముందుకు వచ్చింది. "లేదు పోరా నాయనా. దాని పరిస్థితి కనబడతలే నీకు?" అంది.

పెదకోటయ్య కదలలేదు. నాయనమ్మ భుజం మీదుగా అమ్మనే చూశాడు. అమ్మ తలుపు పట్టుకుని, రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఉంది.

"అక్కా, పొద్దుగూకుతా ఉంది," అన్నాడు.

అమ్మ చూరు వైపు చూసింది. సూది ఎక్కడుందో ఆమెకు తెలుసు. "నా వల్ల కాదు తమ్ముడూ," అంది.

నాయనమ్మ అన్నదని సర్దుకోవడానికి వీల్లేకుండా ఆ మాట తన నోటితోనే అంది. అతను గుడ్డలు ఉతికే రాయి మీద కొంగుముక్క పెట్టి వెళ్లిపోయాడు. మరిచిపోయాడో, మనసు మారుతుందని వదిలాడో తెలియదు. పొద్దు కుంకే వేళకు తన భుజం మీది తువ్వాలులోనే బిడ్డను చుట్టి వాగు అవతలకు తీసుకుపోయాడని మరునాడు గ్రేసమ్మ చెప్పింది.

క్వారీ మనిషికి తువ్వాలు అలంకారం కాదు. నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకుంటే దాని మీద నాపరాయి పలక ఎత్తుతారు. ఉన్నది ఆ ఒక్క తువ్వాలే. కంట్రోలులో ఇంకోటి దొరికేది ఎప్పుడో. మర్నాటి నుంచి పెదకోటయ్య గోనెముక్క భుజాన వేసుకుని మా వీధినే క్వారీకి పోయేవాడు. గోనె ఒరుసుకుని వారానికల్లా భుజం పుండైంది. అమ్మ గడప లోపల కూర్చుని రోజూ పొద్దున ఆ భుజాన్ని చూసింది, సాయంత్రం మళ్లీ చూసింది. నాన్నను పోరి, ఉన్న ఒక్క తువ్వాలూ ఇచ్చి పంపింది. నాన్న దాన్ని అలాగే తిరిగి తెచ్చాడు.

"తీసుకోడంట. 'నా బిడ్డకిచ్చుకున్నా, దానికి బదులు తీసుకుంటానా బావా' అన్నాడు," అని చెప్పి నాన్న మిషను తొక్కుకున్నాడు.

కొంగుముక్కను అమ్మ ఉతికి, మడిచి, పెట్టె అడుగున పెట్టింది. తిరిగి ఇద్దామని చాలాసార్లు అనుకుందట. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చిందట. 'నా కడుపు కోసం నువ్వు నీ బిడ్డను తువ్వాల్లో పంపించావు' అని నాగులమ్మ అంటే ఏం చెప్పాలి? అనకపోతే మాత్రం ఏం చెప్పాలి?

పుష్యమాసంలో నేను పుట్టాను. పుట్టగానే ఏడ్చాను. ఆ ఇంట్లో ఆ చప్పుడు ఎవరూ ఎరగరు. నాన్న మిషను దగ్గర నుంచి లేచి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడట.

ఇక నాయనమ్మ చెయ్యి ఆగలేదు. బిడ్డలు నిలవని ఇంట ఏమేం చేస్తారో అన్నీ చేసింది. ఎంగిలి విస్తళ్ల మీద, అదే పుల్లాకుల మీద, దొర్లించింది. అందుకే నా పేరు పుల్లమ్మ. బళ్లో ఈ పేరుకు నవ్వని పిల్లలు లేరు, ఆ కథ వేరు. తవుడు పోసిన చేటలో పడుకోబెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, ఇంటి గుడ్డ నా ఒంటికి తగలకూడదు. బయటి ఇంట్లో కొంగు పట్టి అడుక్కుని, వాళ్లు మనసారా ఇచ్చిన పాత గుడ్డే మొదటి గుడ్డ కావాలి. అలా అయితే ఆ బిడ్డ మనది కాదని, పరాయిదని చావు మోసపోతుందట.

నాయనమ్మ కొంగు చాపుకుని బయలుదేరింది. కానీ అది ఏ సంవత్సరం? పాత గుడ్డ అన్నది ఊళ్లో ఏ ఇంట మిగిలింది? "కట్టుకున్నదే పాతది పిన్నీ, ఏది చించియ్యను?" అన్నారు కొందరు. అది నిజమే. ఇంకొందరు మాత్రం, అమ్మ చేత గుడ్డ కుట్టించుకున్నవాళ్లే, ఆ ఇంటికి తమ గుడ్డ పోతే తమ పిల్లలకు ఏమవుతుందోనని తలుపు సగమే తెరిచి మాట్లాడారు. రెండు రోజులు తిరిగి, నాయనమ్మ ఉత్త కొంగుతో వచ్చింది.

ఆ రెండు రోజులూ నేను గుడ్డ లేకుండా అమ్మ రొమ్ముకు అంటుకునే ఉన్నాను. పల్నాడు చలి పగలు కనబడదు, తెల్లవారుజామున ఎముక పట్టుకుంటుంది. మూడో రోజు పొద్దున నా కాళ్లు చల్లబడ్డాయి. పాలు గుంజడం మానేశాను.

గ్రేసమ్మ వచ్చి, చూసి, నాయనమ్మ మీద పడింది. "నీ ఆచారం తగలెయ్య! ఈ మూడ్రోజుల పిల్ల చలికి పోతే ఏం చేస్తావ్ ఎంకమ్మా? ఏదో ఒకటి చుట్టు!"

"ఇప్పటికే ముగ్గుర్ని పోగొట్టుకున్నా. ఇంటి గుడ్డ తగలనియ్యను," అంది నాయనమ్మ. ఆమె కూడా ఏడుస్తూనే ఉందట. ఆమెదీ భయమేనని ఇప్పుడు నాకు తెలుసు.

అప్పుడు అమ్మ నాన్నను పిలిచి, పెట్టె అడుగున ఉన్న కొంగుముక్క తెమ్మంది. ఆ చిలకపచ్చ చూడగానే నాయనమ్మ వెనక్కి తగ్గింది. "చచ్చిన బిడ్డ గుడ్డా! వద్దే, వద్దే తల్లీ!"

"ఆ బిడ్డ దీన్ని కట్టుకోలేదత్తా. నేనే కట్టుకోనీలేదు," అంది అమ్మ. తర్వాత నాన్నతో, "ఇది నాది గాదు, ఊరికే చుట్టలేను. నాగులమ్మను ఒకసారి రమ్మను. రానంటే బతిమాలు," అంది.

నాగులమ్మ వచ్చింది. పురుటిల్లని గడప దగ్గరే ఆగింది. ఇరవై ఏళ్లుంటాయేమో. రెండు నెలల్లో సగమైంది. కట్టుకున్న చిలకపచ్చ చీరకు కొంగు లేదు. చించిన చోట పోగులు వేలాడుతున్నాయి. అమ్మ చేతిలోని ముక్కను చూసి, "నీ దగ్గరే ఉందా వదినా? ఆయన ఏమీ చెప్పలేదు. బిడ్డతోటే పోయిందనుకున్నా," అంది.

అమ్మ ముక్కను ఆమె వైపు చాపింది. "నీది నీకు ఇచ్చేస్తున్నా ముందు. తీసుకో."

నాగులమ్మ తీసుకుంది.

"నీ బిడ్డకు కుట్టమంటే కుట్టలేదు. భయపడ్డా. నా కడుపే చూసుకున్నా," అంది అమ్మ. అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని, తన చిరిగిన కొంగు రెండు చేతులతో చాపింది. "ఇప్పుడు నా బిడ్డకు అడుక్కుంటన్నా. ఇయ్యకపోయినా నిన్ను ఒక్క మాట అనను."

గ్రేసమ్మ ఇది చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ కాసేపు ఆగేది. నాగులమ్మ గడప దాటి లోపలికి వచ్చి, మంచం పక్కన కింద కూర్చుంది.

"బిడ్డనిటియ్యి," అంది.

నాయనమ్మ నోరు తెరిచింది. గ్రేసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మ నన్ను తీసి నాగులమ్మ చేతుల్లో పెట్టింది. ఆమె తన కొంగులేని చీర కుచ్చెళ్లలో నన్ను దోపుకుని, రొమ్ముకు అదుముకుంది. కొంగుముక్కను అమ్మ చాపిన కొంగులో వేసింది.

"అంచు పోగులు లేచింది, పిల్లకు గుచ్చుకుంటది. కుట్టి చుట్టు," అంది. "నా బిడ్డకైతే ఎట్టా కుట్టేదానివో అట్టా కుట్టు."

నాన్న చూరులో దోపిన సూది తీసిచ్చాడు. అమ్మ దారం ఎక్కించింది. ముందు అలవాటుగా అలాగే గుచ్చబోయి, ఆగి, దారం చివర ముడి వేసింది. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు వేసింది. తర్వాత మెడ వంచుకుని కుట్టడం మొదలుపెట్టింది. పదేళ్లుగా పొద్దుతో పరుగు పెట్టిన చేతులు, వాటికి ఇంకో రకం తెలియదు. దారం పళ్ల మధ్య పెట్టుకుని, ఎవరో తరుముతున్నట్టే కుట్టుకుంటూ పోతోంది. రెండు అంచులు అయిపోయి మూడోదానికి తిరిగింది.

నాగులమ్మ ఒడిలో వెచ్చబడి నేను పాల కోసం నోరు వెతుక్కుంటున్నానట. ఆమె నన్ను చూస్తూనే, తలెత్తకుండా, చెయ్యి చాపి అమ్మ మణికట్టు మీద వేసింది.

"నిదానంగా కుట్టు వదినా," అంది. "పొద్దు చానా ఉంది."